బాబీ మెడలో పట్టీ

నేలలో పాతిన గునపం మొన మీదికి కొబ్బరికాయను దింపి, ఒంటి బరువంతా మోపి ఒక్క మెలి పెట్టాడు గంగరాజు. పీచు చర్రుమని చీలింది. కాయను తిప్పి మళ్లీ దింపాడు, మళ్లీ మెలి. పీచు ఒక పక్కకి, కాయ ఒక పక్కకి. వెనక్కి చూడకుండానే కాయను కుప్ప మీదికి విసిరి ఇంకోదాని కోసం చెయ్యి చాపాడు. మీసం రాకముందు మొదలెట్టిన పని. మీసం వచ్చింది, నెరిసింది, పని మాత్రం అక్కడే ఉంది.

నరసింగరావు గారి కాయల కళ్ళం కవిటికి తూర్పున ఉంది. అవతల సరుగుడు తోపు, దాని వెనక సముద్రం. గాలి ఇటు తిరిగితే అలల మోత వినిపిస్తుంది. మిగతా రోజుల్లో ఆ మోత వినబడేది కాదు, బాబీ అరుపుల్లో కలిసిపోయేది. ఈ రోజు స్పష్టంగా వినబడుతోంది. గంగరాజుకి అదేదో కొత్త చోటికి వచ్చినట్టుంది.

ఎదురు గునపం దగ్గర పీచు తీస్తున్న ఎల్లాజీ చెయ్యి ఆపాడు. వరసకి బావమరిది. ఊరికే నోరు మూసుకుని కూర్చోలేని మనిషి.

"ఏటి బావా, మీ బాబీ గొంతు పోనాదేటి? పొద్దున్నుంచి కుయ్యిమన్లేదు."

గంగరాజు అటు చూశాడు. జీడిమామిడి చెట్టు కింద ముందుకాళ్ల మీద తల పెట్టుకుని పడుకుంది బాబీ. గోధుమరంగు నాటుకుక్క, ఒక చెవి మడత. మెడలో నల్ల పట్టీ ఉంది. పట్టీకి అగ్గిపెట్టంత డబ్బా, ఆ డబ్బాలో సెనగగింజంత పచ్చదీపం. అది ఆగి ఆగి వెలుగుతోంది. బాబీ కళ్లు మాత్రం రెప్ప వాల్చకుండా గంగరాజునే చూస్తున్నాయి.

"మా వినోదు పంపినాడు," అన్నాడు గంగరాజు. "అరిస్తే పట్టీ అదిరి బుద్ది సెప్తాదట."

"ఓలమ్మ! మా ఆడదానికి ఒకటి తెప్పించు బావా, నీకు పుణ్యముంటాది!"

కళ్ళమంతా నవ్వింది. గంగరాజు కూడా నవ్వాననే అనుకున్నాడు.

వినోద్ అతని మేనల్లుడు. విశాఖపట్నంలో ఓ పెద్దాయన దగ్గర పని. డబ్బున్నవాళ్లు ఊళ్లకి పోతూ కుక్కల్ని అక్కడ వదిలిపెడితే వాటికి తిండి పెట్టి, కూర్చో అంటే కూర్చోవడం, అరవకు అంటే అరవకపోవడం నేర్పుతారట. కుక్కలకి బడి అన్నమాట, మనుషులకే సరైన బడి లేని రోజుల్లో! ఆ పట్టీని బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపి, ఎలా కట్టాలో ఫోనులో చెప్పాడు. డబ్బా లోపలివైపు రెండు ఇనప ముళ్లు గొంతుకి ఆనుతాయి. మొదటి అరుపుకి కీమంటుంది. ఆగకపోతే అదురుతుంది. అప్పటికీ ఆగకపోతే చిన్న కరెంటు చురక.

"ఒకటి మావా," అన్నాడు వినోద్ ఫోను పెట్టేముందు. "మా సారు ఏటంటాడంటే, కుక్క ఎందుకు అరుస్తందో ముందు సూసుకోవాలట. అది తెలీకుండా పట్టీ కట్టకూడదట."

"ఎందుకో నాకు తెలుసురా," అన్నాడు గంగరాజు.

నిన్న సాయంత్రం కట్టాడు. కట్టేముందు ముళ్లు తన గొంతుకే ఆనించుకుని, పెరట్లో ఎవరూ చూడకుండా గట్టిగా 'హోయ్' అన్నాడు. కీమంది. మళ్లీ అన్నాడు, అదిరింది. మూడోసారి అనేసరికి గండుచీమ కుట్టినట్టయి నోరు దానంతటదే మూసుకుపోయింది. చావదులే అని ధైర్యం తెచ్చుకుని బాబీ మెడకి బిగించాడు. చురక తగిలినప్పుడు బాబీ గిర్రున వెనక్కి తిరిగి చూసింది, ఎవరు కొట్టారా అని. ఎవరూ లేరు. తర్వాత అతని వైపు చూసింది. ఆ చూపుకి రాత్రి ముద్ద దిగలేదు గంగరాజుకి. అసలు కొన్నాళ్లుగా ముద్ద దిగడం లేదు. ఏం తిన్నా నోట్లో ఇనప చువ్వ పెట్టుకున్నట్టుంటోంది. నిన్నటి దానికి మాత్రం బాబీ చూపే కారణమనుకున్నాడు.

ఇంతకీ ఆ కుక్క నోరు ఎందుకు కట్టాడో చెప్పాలి.

ఈ ఉద్దానం పల్లెల్లో చావు కొత్తేమీ కాదు. కిడ్నీలు పోయే జబ్బు ఇంటింటా పీట వేసుకుని కూర్చుంది. ఎందుకొస్తోందో తెలియదు. నీళ్లంటారు, మందులంటారు, మట్టంటారు. వచ్చినవాళ్లు నీరు పట్టి వాచి, తర్వాత పుల్లలా ఎండి, ఒకరోజు వెళ్లిపోతారు. అయినా చావుకి ముందు కబురంటూ రాకూడదు కదా. బాబీ ఆ కబురు తెచ్చింది.

మొదట కూర్మయ్య గుమ్మం ముందు. జీడితోటలో కాపలా ఉండే కూర్మయ్యకి ఏ జబ్బూ లేదు, ఉందని ఎవరికీ తెలియదు. బాబీ వెళ్లి అతని ఎదురుగా నిలబడి మొరిగేది. మామూలు మొరుగుడు కాదు. తల పైకెత్తి, మధ్యలో ఏడుపులాంటి సాగు. రాళ్లు వేసినా కదలదు. ఆ నెల తిరక్కుండా కూర్మయ్య పోయాడు. ఆ తర్వాత కిరాణా కొట్టు భారతి. ఎవరికైనా ఉప్పు పొట్లం కట్టి ఇస్తుంటే బాబీ కొట్టు మెట్టు మీద నిలబడి అదే అరుపు. ఆమెను శ్రీకాకుళం తీసుకెళ్లేసరికే ఆలస్యమైపోయింది.

అప్పటినుంచి బాబీ వస్తుంటే జనం తలుపులు వేసుకోవడం మొదలెట్టారు.

"అరిసే కుక్క కరవదంటారు గాని తమ్మీ," అంది పక్కింటి మరిడమ్మ. ఊళ్లో అందరికీ అప్ప ఆవిడ, పళ్లు లేవు గాని మాటకి పదునుంది. "ఇది కరిసి సంపదురా. అరిసి సంపుతాది. ఏటి అవతల వొదిలీసి రా."

గంగరాజు సరేనన్నాడు. ఒప్పుకోనిది అతని భార్య బుల్లమ్మ. ఫైలిన్ తుపాను వెళ్లిన మర్నాడు, కూలిన చెట్ల కింద పీచుకుప్పలో వణుకుతూ దొరికిన కుక్కపిల్ల బాబీ. గుడ్డముక్కతో గంజి చప్పరింపజేసి బుల్లమ్మే పెంచింది. "దాన్నొగ్గేస్తే నన్నూ ఒగ్గీ," అనేసింది. మొండిఘటం.

ఇలా ఉండగా రెండు నెలల కింద బాబీ సొంత గుమ్మం ముందే నిలబడింది. సాయంత్రం. అరుగు మీద బుల్లమ్మ మంచం. మంచం తలాపున నేల మీద కూర్చుని గంగరాజు ఆమె మాత్రలు విప్పుతున్నాడు. బాబీ వాకిట్లో నిలబడి, తల పైకెత్తి, మంచం కేసి చూస్తూ అదే అరుపు అరిచింది. గంగరాజు చేతిలోని మాత్ర జారి అరుగు సందులోకి పోయింది.

బుల్లమ్మకి కిడ్నీలు చెడి మూడో ఏడు. డయాలసిస్‌కి సోంపేట బస్సెక్కుతుంది. మెడలో పసుపుతాడు తప్ప ఒంట్లో బరువనేది లేదు. బాబీ ఎవరిని చూసి అరుస్తోందో అడగాలా?

ఆ రోజు నుంచి ఇంట్లో ఉన్నంతసేపూ ఆ అరుపే. గంగరాజు చెవులు మూసుకున్నాడు, బెదిరించాడు, బతిమాలాడు. ఓసారి దాని ముందు మోకాళ్ల మీద కూర్చుని, "దాన్నొగ్గీ బాబీ, నీకు దణ్ణం పెడతాను," అన్నాడు. అది అతని మొహంలోకి చూసి ఇంకా గట్టిగా అరిచింది. అప్పుడు పుట్టింది ఆలోచన. కబురే అందకపోతే మనిషెలా వెళ్తాడు? పిలుపు లేనిదే పేరంటానికే పోరు కదా. నోరు మూయిస్తే చాలు. తెలివితక్కువ ఆలోచనని నవ్వొద్దు. భార్య చావును వాకిట్లో రోజూ వినేవాడికి అంతకంటే మంచి ఆలోచన వస్తుందా?

ఎండెక్కింది. గంగరాజుకి దాహం వేసింది. ఈ మధ్య దాహం విపరీతంగా ఉంటోంది, నీరసం కూడా. ఓ బొండం చెక్కుకుని గటగటా తాగాడు. బుల్లమ్మకి బొండం ఇవ్వొద్దని, కిడ్నీలు చెడినవాళ్లకి ఆ నీళ్లు గుండె మీదికి తెస్తాయని డాక్టరు ఖండితంగా చెప్పాడు. అందుకని నరసింగరావు గారు పనివాళ్లకిచ్చే బొండాల్లో ఆమె వాటా కూడా ఇతనే తాగేస్తున్నాడు. ఒంటికి చలవని, సత్తువని. తాగి లేస్తుంటే కాళ్లు బరువుగా అనిపించాయి. చెప్పు తీస్తే పాదం మీద తోలువారు గాడి లోతుగా పడి ఉంది. రోజంతా నిలబడే పని, వాయవా మరి! ఊళ్లోకి రక్తం పరీక్షల బండి వచ్చినప్పుడు ఊరంతా వెళ్లింది. గంగరాజు వెళ్లలేదు. ఆ రోజు కాయల లోడు వెళ్లాలి. పైగా తనకేం, గుండ్రాయిలా ఉన్నాడు.

చెట్టు కింద బాబీ లేచింది. వచ్చి గునపానికి అవతల, అతని ఎదురుగా నిలబడింది. తల పైకెత్తింది. నోరు తెరుచుకుంది, మూసుకుంది. మళ్లీ తెరుచుకుంది. దవడలు ఆడుతున్నాయి, డొక్కలు ఎగురుతున్నాయి, అరుపు మాత్రం లేదు. ఊపిరి కొట్టుకుంటున్న చప్పుడొక్కటే.

"ఇదేటి బావా," అన్నాడు ఎల్లాజీ. ఈసారి నవ్వలేదు. "ఇంతకన్నా అరిసినప్పుడే బాగున్నాది."

"దాహమేసిందేమో," అని గంగరాజు కొబ్బరి చిప్పలో నీళ్లు పోశాడు. బాబీ వాటి కేసి చూడలేదు.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి బుల్లమ్మ మంచం మీద లేదు. గంగరాజు లోపలికి పరుగెత్తాడు. చూస్తే వంటింట్లో పొయ్యి ముందు కూర్చుని వంకాయ తరుగుతోంది.

"లెగిసినావేటే?"

"ఏటో బావా, ఈయేళ ఒంట్లో తేలిగ్గున్నాది. ఆకలేస్తంది."

ఆకలేస్తంది! ఆ మాట ఆమె నోట విని ఎన్నాళ్లయిందో. గంగరాజు గుమ్మానికి ఆనుకుని అలాగే నిలబడిపోయాడు. పట్టీ పనిచేసింది. నోరు మూయించగానే వచ్చేది దారి తప్పి వెనక్కి పోయింది. ఏడుపొచ్చింది, మింగేశాడు. మొగాడు వంకాయలు చూసి ఏడిస్తే ఏం బాగుంటుంది!

బుల్లమ్మ చెయ్యి చాపి బాబీని దగ్గరకి లాక్కుంది. పట్టీ కింద వేళ్లు దూర్చింది.

"ఈ పట్టీ ఒంటిమీది గోమార్లు పోడానికన్నావు. నాకు తెలీదనుకున్నావేటి? దీని నోరు కట్టీసినావు."

గంగరాజు కడవలో నీళ్లు ముంచుకుని తాగాడు.

"మరిడమ్మప్ప నాకూ సెప్పినాది బావా. నానెల్లిపోతానని దీనికి తెలిసిపోనాదట. నీకు భయమా?"

"ఏటా మాటలు..."

"భయమైతే భయమని సెప్పు. ముప్పయ్యేళ్లలో ఒక్కపాలి కూడా సెప్పలేదు నువ్వు. సెన్నై కూలికెల్లి మేడ మీంచి పడి కాలిరిగినప్పుడూ సెప్పలేదు. మన కూతురు రేఖని పాతపట్నం అత్తోరింటికి పంపించినప్పుడు పెరట్లోకెల్లి ఏడిసొచ్చి, ఉల్లిపాయన్నావు."

"భయమే," అన్నాడు గంగరాజు నేల చూస్తూ. "నువ్వు లేకపోతే నాను ఎవులితో ఉండాలి?"

బుల్లమ్మ కత్తిపీట పక్కన పెట్టింది. పొయ్యిలో కట్టె చిటపటలాడింది.

"పిచ్చి బావా," అంది కళ్లు తుడుచుకుని. "నువ్వు దీన్ని ఇంటికాడొగ్గి కళ్ళానికెల్లిన రోజుల్లో ఇది కిక్కురుమనదు తెలుసా? పొద్దల్లా నా మంచం కిందే పడుకుంటాది. నన్ను సూసి ఎప్పుడూ అరవలేదు. నువ్వొచ్చినాకే దీనికి పూనకం."

"మాత్రల మగతలో నీకినబడదులే," అన్నాడు గంగరాజు.

ఆమె సేవలో ఇన్నాళ్లూ ఏ మాటా పెడచెవిన పెట్టని మనిషి, ఆ ఒక్క మాటని పెట్టాడు.

పట్టీ తీసెయ్యమంది బుల్లమ్మ. ఆదివారం దాకా ఆగమన్నాడు. సర్లే ఆదివారమే అని ఆమె కూడా ఊరుకుంది. అతను అడిగినవి ఎన్నని, కాదనడానికి.

సాయంత్రం త్వరగా వచ్చేశాడు. కాయ గునపం మీద నిలవడం లేదు. చేతులు పట్టు తప్పుతున్నాయి, గుండెల్లో పిట్ట కొట్టుకున్నట్టుంది. పనిచేసే గునపాన్ని ఎవరి ఇంటికి వాళ్లు తెచ్చుకోవడం అక్కడి అలవాటు. ఇంకొకరి చేతిలో పడితే మొన పాడవుతుందంటారు. గంగరాజు దాన్ని భుజాన వేసుకుని దారిలో రెండు చోట్ల ఆగి, ఇంటికొచ్చి వాకిట్లో గుచ్చాడు. తెచ్చుకున్న బొండం తాగాడు. ఎండకి తిప్పుతోందనుకున్నాడు.

బుల్లమ్మ లోపల వంకాయ కూర పోపు వేస్తోంది. ఇంట్లో పోపు వాసన వచ్చి ఎన్ని రోజులైందో. అరుగు మీద ఆమె మంచం ఖాళీగా ఉంది. ఈ మూడేళ్లలో ఆ మంచం మీద గంగరాజు ఒక్కసారైనా నడుం వాల్చలేదు, అది ఆమెది. ఇవాళ ఎందుకో వాల్చాడు. నులక చల్లగా తగిలింది.

"బేగి తినీద్దాం బావా, వేడిగున్నాది," అంది లోపల్నుంచి.

"ఊఁ," అన్నాడు.

బాబీ వాకిట్లోకి వచ్చి నిలబడింది. ఎక్కడ నిలబడేదో అక్కడే. తల పైకెత్తింది.

గంగరాజు దాని కళ్లలోకి చూశాడు. అది మంచం కేసి చూస్తోంది. మంచం మీద బుల్లమ్మ లేదు. లేదు కదా. మరి అది చూస్తున్నది... అతని నోరు కొద్దిగా తెరుచుకుంది. బుల్లమ్మను పిలవాలనుకున్నాడు. గొంతులోంచి శబ్దం రాలేదు. ఎదురుగా కుక్క నోరు తెరుచుకుని ఉంది, ఇక్కడ అతని నోరూ తెరుచుకుని ఉంది. సరుగుడు తోపు అవతల సముద్రం మోత వినిపిస్తూనే ఉంది.

లోపల బుల్లమ్మకి 'కీ' మని వినబడింది. ఫోనేమో అనుకుంది. మళ్లీ కీ. ఏ పురుగో. మళ్లీ కీ, కీ, కీ, ఆగకుండా. "ఏటి బావా ఆ సప్పుడు?" అంది. జవాబు లేదు. గరిటె పట్టుకుని బయటికొచ్చింది.

బాబీ అరుస్తోంది, లోపలిదాకా వినబడనంత బొంగురుగా. చురక తగిలిన ప్రతిసారీ ఒళ్లంతా ఎగిరి పడుతోంది, కాళ్లు వంగిపోతున్నాయి, మళ్లీ లేచి తల ఎత్తుతోంది. అరుపు సగంలో తెగిపోయి కుయ్యిమంటోంది. అయినా ఆపడం లేదు. పచ్చదీపం ఎర్రగా మారి కొట్టుకుంటోంది.

"తీసీ బావా! దాని పట్టీ తీసీ, సచ్చిపోతాది!" అని మంచం వైపు తిరిగింది బుల్లమ్మ.

గంగరాజు కళ్లు తెరిచే ఉన్నాయి. ఒక చెయ్యి మంచం మీంచి వేలాడుతోంది. పీచు రంగు పట్టేసిన అరచెయ్యి, ఎంత తోమినా పోని రంగు. బాబీ ఆ చేతి దాకా వెళ్లి, వాసన చూసి, అప్పుడు ఊరుకుంది. పట్టీ కూడా ఊరుకుంది.

మర్నాడు కాష్టం దగ్గర్నుంచి మగవాళ్లు తిరిగొచ్చి వాకిట్లో కాళ్లు కడుక్కున్నారు. గుండె ఆగిందని ఒకరు, లోపల జబ్బుందని ఒకరు. పాతపట్నం నుంచి వచ్చిన రేఖ ఏడ్చి ఏడ్చి గోడకి ఆనుకుని నిద్రపోయింది. వినోద్ తల దించుకుని కూర్చున్నాడు.

బుల్లమ్మ బాబీని ఒళ్లోకి లాక్కుని పట్టీ విప్పింది. గొంతు మీద రెండు పుళ్లు. పసుపు అద్దింది.

"నాకోసం కాదు అరిసింది," అంది, ఎవరితోనూ కాకుండా. "రెండు నెల్లు సెప్పినాది. ఇనకుండా దీని నోరు కట్టీసినాడు, నాకోసమని. నన్ను కాపాడీసానని సంతోషంగా తొంగున్నాడు పిచ్చినాకొడుకు." ఇక ఆపుకోలేక గుండెలు బాదుకుంది.

మరిడమ్మ వచ్చి పట్టుకుంది. ఆవిడ కూడా ఏ సామెతా అనలేదు.

కాస్త తేరుకున్నాక చూస్తే బాబీ ఒళ్లో లేదు. వాకిట్లో ఎల్లాజీ ఎదురుగా నిలబడి ఉంది. ఎల్లాజీ బొండం తాగుతున్నాడు, కాష్టం సెగకి దాహమైందని. బాబీ తల పైకెత్తింది. పట్టీ లేదు, ముళ్లు లేవు, చురక లేదు. అయినా దాని నోరు తెరుచుకుంది, మూసుకుంది. చప్పుడు లేదు.

"దీనికి ఆకలేస్తందేటి బుల్లమ్మప్పా?" అన్నాడు ఎల్లాజీ.

బుల్లమ్మ గోడ పట్టుకుని లేచింది. మెట్టు దిగి వెళ్లి అతని చేతిలోంచి బొండం లాక్కుని పారబోసింది.

"రేపు నాతో సోంపేట బస్సెక్కు. రగతం సూపించుకో."

"నాకేటయినాది అప్పా? గుండ్రాయిలాగున్నాను!"

"ఆయనా ఇదే మాటన్నాడు," అంది బుల్లమ్మ, అతని వాచిన పాదాల కేసి చూస్తూ. "పొద్దున్నే బస్సు. నువ్వు రాపోతే నాను ఎక్కను."

ఎల్లాజీ నవ్వబోయి ఆగిపోయాడు. బాబీ ఇంకా అతనినే చూస్తోంది.

వాళ్ల వెనక, నేలలో గుచ్చిన గంగరాజు గునపానికి ఎవరో తగిలించిన నల్ల పట్టీ గాలికి ఊగుతూ, ఏ గొంతూ ఆనకపోయినా, ఆగి ఆగి పచ్చగా వెలుగుతోంది.